మోకాలికి బొగ్గు పట్టు, కడుపులోకి బొగ్గు పొడి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అమ్మకు 58 ఏళ్లు. ఆరేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ లెఫ్లునొమైడ్ 20 మిల్లీగ్రాముల మాత్ర వాడుతోంది. నొప్పి ఓర్చుకోలేనప్పుడు ఎసిక్లోఫెనాక్ వేసుకుంటుంది. రెండేళ్లు తన పనులు తనే చేసుకుంటూ బాగానే తిరిగింది. రెండు నెలల క్రితం వేళ్ల కణుపులు, మోకాళ్లు మళ్లీ వాచాయి. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు యాక్టివేటెడ్ చార్‌కోల్ (మందుగా వాడే బొగ్గు) డబ్బాలు పంపించాడు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) ఎంత తీవ్రంగా ఉన్నా లాగేస్తుందట. మొదట రోజుకు ఆరు క్యాప్సూల్స్ వేశాం. నెల నుంచి పొడే నీళ్లలో కలిపి మూడు పూటలా తాగిస్తున్నాం. మాత్రలకూ దానికీ రెండు గంటల తేడా ఉండేలా చూస్తున్నాం. రాత్రిళ్లు అదే పొడి అవిసెగింజల ముద్దలో కలిపి మోకాళ్లకు పట్టు వేస్తున్నాం. వేసినప్పుడు హాయిగా ఉందంటుంది. వాపు మాత్రం తగ్గలేదు. నాలుగు రోజులుగా కుడి మోకాలు ఎడమదానికి రెండింతలు వాచి, ముట్టుకుంటే కాలుతోంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. విరేచనం నల్లగా అవుతోంది, అది బొగ్గు రంగేనని అన్నయ్య అన్నాడు. మోతాదు పెంచమంటారా? డబ్బా ఖరీదు ఎక్కువ కాబట్టి కొబ్బరిచిప్పలు మేమే కాల్చి నూరుకోవచ్చా? (పేరు వేయవద్దు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన సాయంత్రమే మీకు విడిగా నాలుగు ముక్కలు రాశాను: బొగ్గు ఆపండి, ఎసిక్లోఫెనాక్ కూడా ఆపండి, ఈ రాత్రికే అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లండి, కుడి మోకాలు చూపించండి, హిమోగ్లోబిన్ కూడా చూడమనండి. తీసుకెళ్లామని మీరు జవాబిచ్చారు కాబట్టి మిగతాది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. మీరు ఉత్తరమంతా బొగ్గు గురించి అడిగారు. నాకు మాత్రం చివర్లో మామూలుగా చెప్పేసిన ఆ మోకాలి సంగతే ముందు కంటపడింది.

రుమటాయిడ్ ముదిరినప్పుడు సాధారణంగా కీళ్లు జట్టుగా వాస్తాయి. రెండు చేతులూ, రెండు మోకాళ్లూ. పొద్దున లేవగానే బిగుసుకుపోయి, పది పదకొండు గంటలకు కాస్త వదులవుతాయి. అలా కాకుండా ఒకే ఒక్క కీలు మిగతావాటిని దాటి వాచి, కాలుతూ, జ్వరం కూడా తోడైందంటే అది రుమటాయిడే అనుకుని ఊరుకోకూడదు. కీలు లోపల బ్యాక్టీరియా చేరి చీము పట్టిందేమో ముందు చూడాలి. రుమటాయిడ్ ఉన్నవారికి ఈ ముప్పు మామూలు వారికంటే ఎక్కువ. పైగా వాళ్లు వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గించేవే కాబట్టి జ్వరం భగ్గుమనదు, సాయంత్రాలు 'వెచ్చబడటం' దగ్గరే ఆగిపోవచ్చు. చీము పట్టిన కీలులో మృదులాస్థి, అంటే ఎముకల చివర్లను కప్పే మెత్తటి పొర, నెలలపాటు ఆగదు, రోజుల్లో కరిగిపోతుంది. సూది పెట్టి కొంచెం నీరు తీసి ల్యాబ్‌కు పంపితే తేలుతుంది. ఆ సూది పని అయ్యేదాకా మిగతా చర్చ అంతా తర్వాతి మాటే.

నల్ల విరేచనం సంగతి. మీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. బొగ్గు తాగితే విరేచనం నల్లగానే అవుతుంది. కానీ ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి రక్తం కారితే, ఆ రక్తం జీర్ణమై బయటికొచ్చేదీ నల్లగానే ఉంటుంది. రక్తం వల్లనైతే తారులాగా జిగటగా, దుర్వాసనతో ఉంటుంది. బొగ్గు వల్లనైతే ఉత్త నలుపు. చెప్పడానికి ఇంత సులువుగా ఉంది గానీ, రెండూ కలిసి వస్తే ఇంట్లో ఎవరూ తేల్చలేరు. నొప్పి మాత్రలు వేసుకునే మనిషికి బొగ్గు పట్టించడంలో నాకు నచ్చని మొదటి సంగతి ఇదే. ప్రమాదం చెప్పే రంగును ముందే పూసిపెట్టేస్తుంది. అందుకే హిమోగ్లోబిన్ కూడా అదే రాత్రి చూడమని రాశాను. బొగ్గు ఆపిన రెండు మూడు రోజులకు రంగు మామూలుకు రావాలి. రాకపోయినా, ఈలోపే కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా మళ్లీ వెళ్లాల్సిందే.

ఇక బొగ్గు. దీన్ని నేను తీసిపారేయను. ఆసుపత్రి ఎమర్జెన్సీ గదిలో నల్లటి పొడి సీసా ఒకటి ఉంటుంది, నా చేతులతోనూ చాలామందికి కలిపి తాగించాను. కొబ్బరిచిప్పలనో కొయ్యనో ముందు గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తారు. తర్వాత దాన్ని 800, 900 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తారు. ఆ ఆవిరి బొగ్గును లోపల్లోపల తొలిచేసి కంటికి కనపడని రంధ్రాలు చేస్తుంది. 'యాక్టివేటెడ్' అనేది ఆ తొలిచిన బొగ్గునే. ఒక గ్రాము పొడిలోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన లెక్కలో సుమారు పాతిక సెంట్ల స్థలం! అంత స్థలం చిటికెడు పొడిలో మడిచిపెట్టి ఉంది కాబట్టే తనను తాకిన రసాయనాలను తన గోడలకు అంటించుకుంటుంది. స్పాంజి నీళ్లు పీల్చినట్టు కాదు, జిగురు కాగితానికి ఈగలు అతుక్కున్నట్టు. మీ ఇంటి వాటర్ ఫిల్టర్‌లో ఉండే కార్బన్ చేసేదీ ఇదే.

19వ శతాబ్దంలో టువేరీ అనే ఫ్రెంచ్ ఫార్మసిస్టు, అక్కడి వైద్య అకాడమీ పెద్దల ముందు స్ట్రిక్నిన్, అంటే మన ముష్టి గింజల విషం, ప్రాణం తీసే మోతాదుకు ఎన్నో రెట్లు బొగ్గులో కలిపి మింగి బతికి బయటపడ్డాడని వైద్య చరిత్రలో చెప్పుకుంటారు. ఇప్పటికీ బొగ్గుకు అసలు ఉద్యోగం అదే. మింగిన విషం కడుపులో ఉండగానే, వీలైతే గంటలోపు, పెద్దవాళ్లకు 50 గ్రాముల దాకా ఇస్తాం. క్యాప్సూల్ ఒక్కొక్కటి పావు గ్రాము అనుకుంటే అవి 200 క్యాప్సూల్స్! అందులోనూ అన్నిటికీ పనికిరాదు. ఇనుము మాత్రలు, లిథియం, ఆల్కహాల్, యాసిడ్లు బొగ్గుకు సరిగా అతుక్కోవు. కిరోసిన్ తాగితే ఇవ్వకూడదు. మత్తులో ఉన్న మనిషికి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అసలు విషంకంటే అదే ముందు చంపగలదు. శ్రీలంకలో విషం మింగి ఆసుపత్రులకు వచ్చిన 4,632 మందిపై చేసిన పెద్ద పరిశోధన 2008లో వెలువడింది. మళ్లీ మళ్లీ బొగ్గు ఇచ్చినా మరణాలు తగ్గలేదని అందులో తేలింది. సొంత గడ్డ మీదే బొగ్గుకు ఇంత తగువు నడుస్తోంది. (ఇది చదివి ఎవరూ ఇంట్లో సీసా కొని పెట్టుకోకండి. ఎవరైనా ఏదైనా మింగితే 108కి ఫోన్ చేయండి, మింగినదాని డబ్బా వెంట తీసుకెళ్లండి.)

మరి 'ఇన్‌ఫ్లమేషన్‌ను లాగేస్తుంది' అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? మీ అన్నయ్యది పూర్తిగా గాలి కబురు కాదు, అందులో ఒక గింజ నిజం ఉంది. కొన్ని మందులు రక్తంలో కలిసిపోయాక కూడా పేగు గోడల గుండా మళ్లీ పేగులోకి వస్తుంటాయి. కొన్ని పిత్తంతో, అంటే కాలేయం వదిలే జీర్ణరసంతో, కలిసి దిగుతాయి. పేగులో బొగ్గు కాపు కాసి ఉంటే వాటిని పట్టుకుని బయటికి పంపేస్తుంది. అలా కార్బమజెపైన్, ఫీనోబార్బిటాల్, డాప్సోన్ లాంటివి ఎక్కువైనప్పుడు గంటలకొద్దీ బొగ్గు ఇచ్చి రక్తంలో వాటి పాళ్లు తగ్గిస్తాం. అంటే పేగులో ఉన్న బొగ్గు రక్తంలో ఉన్నదాన్ని కొంత లాగగలదు, నిజమే. కానీ ఏం లాగుతుంది? పేగులోకి వచ్చినదాన్నే. రుమటాయిడ్‌లో వాపు పుట్టేది కీలు లోపలి పొరలో. అక్కడి కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ప్రొటీన్లు వదులుతూ, ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ వాపును నిలబెడతాయి. అవి పేగులోకి దిగి బొగ్గు కోసం ఎదురుచూడవు. బొగ్గు తాకినదాన్నే పట్టుకుంటుంది, తాకని చోట దానికి చేతుల్లేవు.

మీ ఉత్తరంలో నన్ను కుర్చీలో సరిగ్గా కూర్చోబెట్టిన మాట లెఫ్లునొమైడ్. ఈ మాత్ర మింగాక శరీరం దాన్ని టెరిఫ్లునొమైడ్‌గా మారుస్తుంది, అసలు పని చేసేది అదే. అది కాలేయం నుంచి పిత్తంతో పేగులోకి దిగుతుంది, పేగు మళ్లీ దాన్ని రక్తంలోకి పీల్చుకుంటుంది, మళ్లీ కాలేయం, మళ్లీ పిత్తం. ఇలా తిరుగుతూ ఉండటం వల్లే సగం తగ్గడానికి రెండు వారాలు పడుతుంది. మాత్ర ఆపేసినా దాని జాడలు కొందరిలో రెండేళ్ల దాకా ఉంటాయి. ఆ మందు పడకపోతేనో, వాడుతున్న అమ్మాయి బిడ్డను కనాలనుకుంటేనో దాన్ని త్వరగా ఒంట్లోంచి కడిగేయాలి. దేనితో కడుగుతామో తెలుసా? కొలెస్టైరమిన్ అనే పొడితో, లేదంటే యాక్టివేటెడ్ చార్‌కోల్‌తో! ఆ మందు తయారీదార్ల సూచనల్లోనే ఉంది: ఆరు గంటలకోసారి 50 గ్రాముల బొగ్గు ఇస్తే రక్తంలో దాని పాళ్లు 24 గంటల్లో 37 శాతం, 48 గంటల్లో 48 శాతం పడిపోతాయని.

అంటే అమ్మ వాపును అదుపులో పెట్టే మందును ఒక చేత్తో ఇస్తూ, దాన్ని కడిగేసే మందును ఇంకో చేత్తో ఇచ్చారు. మీరిచ్చే చెంచాల లెక్క 50 గ్రాములకు చాలా తక్కువే, కాబట్టి అంత వేగంగా కడిగి ఉండదు. వాపు మొదలైంది కూడా బొగ్గు రాకముందే. నేరమంతా బొగ్గు మీదికి నెట్టను. కానీ మూడు పూటలా నెల రోజులంటే చిన్న సంగతి కాదు, తగ్గాల్సింది తగ్గకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

రెండు గంటల తేడా ఇచ్చామన్నారు. జాగ్రత్తపరులు, అందుకు మెచ్చుకోవాలి. బీపీ మాత్రో ఇంకోటో అయితే ఆ తేడా కొంతవరకు కాపాడుతుంది, ఎందుకంటే బొగ్గు వచ్చేసరికి మాత్ర పేగు దాటి రక్తంలో చేరిపోతుంది. లెఫ్లునొమైడ్ విషయంలో గడియారం పనిచేయదు. అది రోజంతా పేగులోకి దిగుతూనే ఉంటుంది, ఏ వేళప్పుడు తాగినా బొగ్గుకు దొరుకుతుంది. మెథోట్రెక్సేట్ కూడా కొంత పిత్తం దారిలో తిరిగేదే. షుగరు మాత్రల్లో గ్లిపిజైడ్, గుండెకు వాడే డైగాక్సిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, ఆఖరికి పారాసెటమాల్ దాకా బొగ్గుకు అతుక్కునేవే. బొగ్గుకు మంచి చెడు తెలియదు. ఎవరైనా 'ఒంట్లోని చెత్తనంతా లాగేస్తుంది' అన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఇదే. ఏది చెత్తో దానికెవరు చెప్పారు?

పట్టు గురించి. అవిసెగింజల ముద్దలో బొగ్గు కలిపి వాచిన చోట వేయడం అమెరికాలో చాలాకాలంగా ఉన్న ఇంటి వైద్యం. కొన్ని కుటుంబాల్లో మన పసుపు, ఆముదంలాగా తరతరాలుగా వస్తోంది. మోకాలి చర్మం మీద కూర్చున్న బొగ్గుకూ, లోపల వాచిన పొరకూ మధ్య చర్మం, కొవ్వు, కండర నారలు, కీలు సంచి ఉన్నాయి. ఆ గోడలు దాటి ఏదీ బయటికొచ్చి దానికి అతుక్కోదు. మరి హాయిగా ఎందుకుంది? చల్లటి తడి ముద్ద కాబట్టి, కట్టులో మోకాలు కదలకుండా ఉంటుంది కాబట్టి, రాత్రిపూట కూతురు పక్కన కూర్చుని కడుతోంది కాబట్టి. ఈ మూడోది నేను వేళాకోళానికి అనడం లేదు. మా అమ్మమ్మ ఆముదపాకు వెచ్చజేసి కట్టేది, ఉప్పు మూటతో కాపడం పెట్టేది. నొప్పి తగ్గేది, వాపు దాని దారిన అది ఉండేది. చర్మం చెక్కుచెదరకుండా ఉండి, కీలు మామూలు నొప్పితో ఉంటే అలాంటివి చేసుకోండి, నాకు పేచీ లేదు. కాలుతున్న మోకాలికి మాత్రం కాపడం వద్దు, తెగిన చర్మం మీద ఏ పొడీ వద్దు.

బొగ్గును వాపు జబ్బుల్లో వైద్యులు ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. రక్తాన్ని ఒంట్లోంచి గొట్టంలోకి తెచ్చి, బొగ్గు రేణువులు నింపిన డబ్బా గుండా పంపి మళ్లీ ఎక్కించే పద్ధతి 1960లలోనే మొదలైంది. ఉత్త బొగ్గయితే రక్తంలోని ప్లేట్‌లెట్లను కూడా పట్టేసేది, అందుకని రేణువులకు పల్చటి పూత పూశారు. ఒళ్లంతా వాపు మంట చెలరేగే సెప్సిస్‌లో ఇప్పుడు ఐసీయూల్లో వాడే ఇలాంటి డబ్బాల్లో ఎక్కువగా ప్లాస్టిక్ జాతి పూసలుంటాయి, అవి ప్రాణాలు నిలబెడతాయని గట్టి రుజువు ఇంకా రాలేదు. గమనించండి, అక్కడ కూడా బొగ్గు దగ్గరికి రక్తాన్నే తీసుకెళ్లాల్సి వచ్చింది. జపాన్‌లో 1991 నుంచి కిడ్నీ రోగులకు ఏఎస్‌టీ-120 అనే ప్రత్యేకమైన బొగ్గు గుళికలు ఇస్తున్నారు. పేగులో తయారయ్యే కొన్ని విషపదార్థాలను అవి పట్టుకుంటాయి. అదే మందును వేరే దేశాల్లో 2 వేల మందికి పైగా రోగులపై పరీక్షించి 2015లో ఫలితాలు చెప్పారు, కిడ్నీ జబ్బు నెమ్మదించలేదు. కుళ్లు వాసన వచ్చే పుండ్లకు బొగ్గు గుడ్డతో చేసిన డ్రెస్సింగులు ఉన్నాయి, వాసనకు బాగా పనిచేస్తాయి. క్యాన్సర్ పుండుతో నలుగురిలో కూర్చోలేక మూలన ఉండిపోయిన మనిషికి అది చిన్న మేలు కాదు. కీళ్లవాతానికి మాత్రం ఈ దారుల్లో ఏదీ చేరలేదు. బొగ్గు ఐస్‌క్రీములు, బొగ్గు ఇడ్లీల సంగతి నన్నడక్కండి.

కొబ్బరిచిప్పలు కాల్చుకోవడం: వద్దు. పొయ్యిలో కాలిన చిప్పలో ఆ రంధ్రాలు సరిగా ఏర్పడవు. సగం కాలినదాంట్లో తారు, బూడిద, ఒంటికి పడని పొగ పదార్థాలు మిగులుతాయి. ఉప్పూ బొగ్గూ కలిపి పళ్లు తోముకున్న తరం మనది, నిజమే, కానీ అది నోట్లో వేసుకుని ఉమ్మేసేది. మూడు పూటలా మింగేది కాదు. కొన్నదైనా మలబద్ధకం తెస్తుంది. పేగు కదలిక మందగించిన వాళ్లలో గడ్డకట్టి అడ్డుపడిన సందర్భాలూ ఉన్నాయి.

ఇప్పుడు ఆసుపత్రిలో ఏం మాట్లాడాలో చెబుతాను. మోకాలిలో ఇన్‌ఫెక్షన్ ఉందని తేలితే ముందు యాంటీబయాటిక్స్, చీము తీయడం. అప్పటిదాకా మెథోట్రెక్సేట్, లెఫ్లునొమైడ్ ఆపాలా అన్నది అక్కడి డాక్టరు తేలుస్తారు, మీరై మీరు ఆపకండి, మొదలుపెట్టకండి. ఇన్‌ఫెక్షన్ లేదని తేలితే ఇది రుమటాయిడ్ తిరగబడటమే. అప్పుడు వాపు తీవ్రత చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, రక్తకణాలు, లివర్ పరీక్షలు చూసి, కొద్ది రోజులు స్టెరాయిడ్ ఇస్తారో, కీలులోకే ఇంజక్షన్ ఇస్తారో, మందే మారుస్తారో నిర్ణయిస్తారు. ఈ జబ్బుకు ఈ పదిహేనేళ్లలో మందులు చాలా వచ్చాయి, టోఫాసిటినిబ్ లాంటివి మన కంపెనీలే తయారుచేయడంతో ధర కూడా దిగింది. చివరిసారి రుమటాలజిస్టును (కీళ్లవాతం జబ్బుల డాక్టరును) చూసి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. మందుల చీటీ ప్రతిసారీ మెడికల్ షాపులోనే రెన్యువల్ అవుతోందేమోనని నా అనుమానం. గుంటూరు, విజయవాడల్లో రుమటాలజిస్టులున్నారు, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగమే ఉంది. ఇంకో మాట: బొగ్గు వల్ల మందు కొంత పోయిందట కదా అని లెఫ్లునొమైడ్ రెండేసి వేయకండి. మెథోట్రెక్సేట్ వారానికోసారి మందు, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

అన్నయ్యతో గొడవ పడొద్దమ్మా. అంత దూరం నుంచి పెద్దమ్మ కొడుకు పిన్ని మోకాళ్ల కోసం డబ్బాలు కొని పంపాడంటే అందులో ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. పిన్ని వాడే మందు పేరు లెఫ్లునొమైడ్ అనీ, దాన్ని ఒంట్లోంచి తీసేయడానికి వాడేదే బొగ్గు అనీ చెప్పండి. డబ్బా మీది సూచనల్లో మందులతో జాగ్రత్త అని ఏమైనా రాసి ఉందేమో అతన్నే చదవమనండి.

ఈ జవాబు పంపబోతుంటే మీ రెండో మెయిల్ వచ్చింది. మోకాలి నుంచి నీరు తీశారనీ, కాస్త మసకగా ఉందనీ, అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ రిపోర్టుకు మూడు రోజులు పడుతుందనీ, ఈలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టారనీ రాశారు. హిమోగ్లోబిన్ సంగతి రాయలేదు, అడిగి తెలుసుకోండి. బొగ్గు గురించి అక్కడ చెప్పడానికి మొహమాటపడ్డామన్నారు. రేపు రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఆ డబ్బా దుప్పటి కింద దాచకుండా బల్ల మీద పెట్టండి. ఎన్ని రోజులు, ఎన్ని చెంచాలు అన్నది ఒక కాగితం మీద రాసి పక్కనే ఉంచండి.